రెండంటే ఎంత నొప్పి

పెళ్లైన కొత్తలో మేం మా ఆయన ఆర్వో వాళ్ల నానమ్మ ఇంట్లో, మేడ మీద గదిలో కాపురం పెట్టాం. గదికి ఏటవాలు కప్పు. పొద్దున్నే లేవగానే ఆర్వో తల దూలానికి ఠప్పున తగిలేది. నేను దుప్పట్లో మొహం దాచుకుని నవ్వేదాన్ని. పెళ్లై ఇంకా ఏడాది నిండలేదు, అయినా ఆ గది గుర్తొస్తే ఎప్పటి సంగతో తలుచుకున్నట్టు ఉంటుంది. ఇప్పుడు మేముంటున్న మినియాపొలిస్ అపార్ట్‌మెంట్‌లో కప్పు సమంగా ఉంది. ఆర్వో తల ఎక్కడా తగలదు. నాకు అదే లోటుగా ఉంది.

నానమ్మ పేరు హిల్మా. ఫిన్లాండ్ నుంచి అమెరికా వచ్చి స్థిరపడిన వాళ్ల ఇళ్లలో పిలిచినట్టు మనవలందరూ ఆవిణ్ణి ముమ్ము అంటారు. నేను నార్వే వాళ్ల పిల్లను. పెళ్లైన మర్నాడు మొదటిసారి "ముమ్మూ" అని పిలిస్తే, కాఫీ వంచుతున్నదల్లా ఆగి నన్ను ఎగాదిగా చూసింది.

"నార్వే నోట్లో కూడా ఆ మాట ఫర్వాలేదే," అంది.

ఆ ఇంట్లో ఫర్వాలేదు అంటే చాలా పెద్ద మెచ్చుకోలు అని తర్వాత తెలిసింది. ఆ ఒక్క మాటతోనే ముమ్ముకు అన్ని పనులూ జరిగిపోయేవి. మంచు పడి వీధి తలుపు సగందాకా మూసుకుపోయినా ఫర్వాలేదు. భర్త ఉర్హో తాతయ్య పోయిన రోజు పాస్టర్ గారు చెయ్యి పట్టుకుని ఎలా ఉన్నారని అడిగినా ఫర్వాలేదు.

ముమ్ముకు చాలా ఏళ్లుగా కీళ్లవాతం. వేళ్లన్నీ గాలికి వాలిన గడ్డిలా ఒక పక్కకు తిరిగిపోయాయి. మోకాళ్లు అంతకంటే మొండికేశాయి. యాలకుల రొట్టెకు పిండి తాను పిసకలేక ఆర్వో చేత పిసికించేది.

"దాన్ని పిసుకుతున్నావా, నిమురుతున్నావా?"

"నా చేతులు మెత్తన ముమ్మూ. అందుకే మారెన్ నన్ను చేసుకుంది."

"పాపం, పిండిని అడక్కుండా చేసుకుంది."

మారెన్ అంటే నేనే. పొయ్యి దగ్గర నిలబడి ఈ మాటలు వింటూ, ఇంత చిన్న వంటింట్లో ఇంత సంతోషం ఎలా పట్టిందా అనుకునేదాన్ని.

శనివారం సాయంత్రం అయ్యేసరికి పెరట్లో సౌనా పొయ్యి రాజేసేవాళ్లం. ముమ్ము వాళ్ల నాన్న ఇల్లు కట్టక ముందే కట్టిన ఆవిరి గది అది. లోపల మెట్లలాగా మూడు బల్లలుంటాయి. పొయ్యి మీది రాళ్లపై నీళ్లు పోస్తే ఆవిరి నేరుగా పైకెళ్లి, పై బల్ల మీద కూర్చున్న వాళ్లను కౌగిలించుకుంటుంది. ఆ బల్ల పెద్దవాళ్లది. పెళ్లైన దగ్గర్నుంచి ముమ్మూ తాతయ్యా అక్కడే కూర్చునేవాళ్లట. మోకాళ్లు ముడవలేకపోయిన దగ్గర్నుంచి ముమ్ము కింది బల్ల మీద, చిన్నపిల్లలు తొట్టిలో కాళ్లు పెట్టుకుని కూర్చునే చోట కూర్చుంటోంది. దాని గురించి ఒకే ఒక్కసారి అంది నాతో.

"ఇక్కడ కూర్చుంటే ఆవిరి నా నెత్తి మీంచి పోతుందే. తెలిసినవాళ్లు రోడ్డుకు అటుపక్కనుంచి పోయినట్టు."

నేను అప్పుడు దగ్గరి పట్టణం దులూత్‌లో ఒక కీళ్ల జబ్బుల క్లినిక్‌లో, నొప్పి మీద జరిగే పరిశోధనలో పనిచేసేదాన్ని. కొందరికి మందులతో కీళ్ల వాపు తగ్గిపోతుంది, రక్తపరీక్షలు బాగుంటాయి, అయినా నొప్పి మాత్రం పోదు. నరాలు నొప్పికి అలవాటుపడి, కారణం పోయాక కూడా అదే పాట పాడుతుంటాయా అన్నది మా ప్రశ్న. నరాల మీద పనిచేసే ఒక మందును అలాంటి వాళ్లకిచ్చి చూస్తున్నారు.

ఏప్రిల్‌లో ఒక పొద్దున నా కాఫీ కప్పు పక్కన పేపరు ముక్క ఉంది. చర్చి పత్రికలోంచి కత్తిరించిన మా పరిశోధన ప్రకటన. వాలిపోయిన ఆ వేళ్లతో కత్తెర ఎలా పట్టుకుందో, అంచులన్నీ ఎలక కొరికినట్టున్నాయి.

"ఇది మీ వాళ్లదేనా?" అంది ముమ్ము నావైపు చూడకుండా.

"మావాళ్లదే."

"ఆ మందు పనిచేస్తే మెట్లెక్కొచ్చా?"

"ఎక్కడి మెట్లు ముమ్మూ?"

"చర్చివి కాదులే. వాటికి పట్టుకోవడానికి కమ్మీ ఉంది." పేపరు ముక్కను నావైపు జరిపి, "సౌనాలోవి," అంది.

తన కోసం ఆవిడ ఏదైనా అడగడం నేనెప్పుడూ చూడలేదు. తర్వాత ఆర్వోను అడిగితే తనూ చూడలేదన్నాడు.

బంధువును కాబట్టి ముమ్ము కాగితాలు ముట్టుకోకూడదని మా డాక్టర్ జుపాన్ నాతో ముందే చెప్పింది. ఆ పని నా తోటి ఉద్యోగి డెల్ తీసుకుంది. వారం రోజులు రోజూ సాయంత్రం డెల్ ఫోన్ చేసి ఒక్కటే అడుగుతుంది. అసలు నొప్పే లేకపోతే సున్నా, మీరు ఊహించగలిగినంత ఘోరమైన నొప్పి అయితే పది, మరి ఇవాళ మీది ఎంత? వారం మొత్తమ్మీద సగటు నాలుగైనా ఉంటేనే పరిశోధనలోకి తీసుకుంటారు. ఆ నాలుగు సంగతి మాకు తెలుసు, వచ్చేవాళ్లకు తెలియకూడదు.

మొదటి సాయంత్రం ఫోన్ మోగింది. ముమ్ము కుర్చీ చేతుల మీద రెండు మోచేతులూ ఆనించి, పళ్లు బిగించి, లేచి నిలబడి, గోడ పట్టుకుని నడిచి వెళ్లి ఫోన్ తీసింది.

"రెండమ్మా," అంది తీయగా.

మర్నాడూ రెండే. ఆ మర్నాడు వాన. ముమ్ము పొద్దుటినుంచీ బొత్తాలు పెట్టుకోలేక తాతయ్య పాత కోటు చుట్టుకుని కూర్చుంది. డెల్‌కు రెండనే చెప్పి, పాపం రోజూ ఫోన్ చేస్తోందని వాళ్ల అమ్మ ఆరోగ్యం కూడా అడిగింది.

మేడ మీద నేను గది ఈ చివర్నుంచి ఆ చివరికి తిరుగుతున్నాను.

"ఒక్క మాట చెప్పెయ్," అన్నాడు ఆర్వో.

"చెప్పకూడదు."

"పోనీ చెప్పకు. ఫోన్ వచ్చినప్పుడు పక్కన నిలబడి దగ్గు. నాలుగుసార్లు."

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. "నేను దగ్గానే అనుకో. రేపు మందు పనిచేసిందో నా దగ్గు పనిచేసిందో ఎవరికి తెలుస్తుంది? ఈ మందు కోసం ఇంకా ఎంతమంది ముమ్ములు కూర్చుని ఉన్నారో."

"మన ముమ్ము ఒక్కతే ఉంది నాకు."

అన్నాడు గానీ, మళ్లీ అడగలేదు. దీపం ఆర్పబోతూ లేచి తల దూలానికి కొట్టుకున్నాడు. ఆ ఒక్కసారీ నేను నవ్వలేదు.

చివరి ఫోన్ శనివారం వచ్చింది. ముమ్ము రెండనే చెప్పి పెట్టేసింది. ఇక నేనేం అడిగినా లెక్క మారదు. సౌనాలోకి వెళ్లాక పై బల్ల ఖాళీగా వదిలేసి, కింది బల్ల మీద ఆవిడ పక్కనే కూర్చున్నాను.

"ముమ్మూ, రెండు అని ఎలా లెక్కేశావు?"

"ఆ అమ్మాయి చెప్పింది గదా, పదంటే మనం ఊహించగలిగినంత అని. నాకు ఊహించే పని లేదు, విన్నాను." నీళ్లు పోసే గరిటె ఒళ్లో పెట్టుకుంది. "మా తమ్ముడు రెయినో పుట్టింది ఇక్కడే, మనం కూర్చున్న బల్ల మీద. అప్పట్లో పురుళ్లు సౌనాలోనే పోసేవాళ్లు, వెచ్చగా, శుభ్రంగా ఉంటుందని. జనవరి, తుఫాను. మంత్రసాని వచ్చే దారి లేదు. నాకు ఏడేళ్లు. అదిగో ఆ తలుపవతల, బట్టలు మార్చుకునే గదిలో కట్టెల మీద కూర్చున్నాను. అమ్మ అరవలేదు. గోడ గీకింది. గోళ్లతో. పొద్దున దాకా అదే చప్పుడు."

నేను గోడ వైపు చూశాను. చెక్కలు నల్లబడిపోయి ఉన్నాయి, ఏమీ కనిపించలేదు.

"తెల్లారాక అమ్మ లేచి కాఫీ పెట్టింది. ఎలా ఉందే అని నాన్న అడిగాడు. ఫర్వాలేదు, ఇంతకంటే ఘోరంగా కూడా ఉండొచ్చు అంది. విన్నావా? ఇంతకంటే ఘోరం ఉందట. అంటే అమ్మది పది కాదు. మహా అయితే ఎనిమిది. నేనేమన్నా గోడలు గీకుతున్నానా? మరి నాది రెండు కాక ఎంత?"

లెక్క ప్రకారం ఎక్కడా తప్పు లేదు. ఇంకోలా అడిగాను.

"రాత్రుళ్లు నిద్ర పడుతుందా?"

"ఎక్కడ పడుతుంది. అది వేరే సంగతి. నువ్వు నొప్పి గురించి గదా అడిగావు."

సోమవారం ఇదంతా డాక్టర్ జుపాన్‌కు చెప్పాను. ఆవిడ ఇనుపగనుల వైపు పిల్ల, వాళ్ల నాన్న గనిలో పనిచేసినవాడు. నేను చెబుతుంటే మొదట నవ్వింది. తర్వాత కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"మా నాన్న నడుము విరిగినప్పుడు ఆంబులెన్స్ వాళ్లకు కూడా ఫర్వాలేదనే చెప్పాడు," అంది. "మారెన్, ఆ తలుపు మూసుకుపోయింది. ఆవిడ రెండంది, రెండనే రాస్తాం. తీసుకోలేను."

"తెలుసు డాక్టర్. తీసుకోమని అడగడానికి రాలేదు."

"ఇక్కడి మనుషుల్ని ఇకముందు ఎలా అడగాలో కమిటీ ముందు పెడతాను, అది మన పని. అది కాదు నేను ఆలోచిస్తున్నది. వాళ్ల ఊరి డాక్టర్ అడిగినప్పుడు మీ ముమ్ము ఏమంటుంది?"

ఆ మాట అప్పటిదాకా నాకు తట్టనే లేదు. "ఫర్వాలేదంటుంది."

"ఎన్నేళ్లుగా అదే మందు మింగుతోంది?"

ఆర్వోకు ఊహ తెలిసినప్పటి నుంచీ అదే సీసా.

"పరిశోధనకు కాదు, మామూలు పేషెంటుగా తీసుకురా," అంది డాక్టర్.

ఆ సాయంత్రం ముమ్ముకు చెప్పడం నా వంతైంది. ఆవిడ బంగాళాదుంపలు చెక్కు తీయిస్తోంది, ఆర్వో తీస్తున్నాడు.

"నిన్ను పరిశోధనలోకి తీసుకోలేదు ముమ్మూ. మామూలుగా వచ్చి చూపించుకోమంది మా డాక్టర్."

ముమ్ము తలెత్తింది. "నాది ఎక్కువైందా?"

"తక్కువైంది."

"తక్కువా?" ముమ్ము మొహం ఎర్రబడింది. "నా నొప్పి తక్కువని ఎవరన్నారు?"

"నువ్వే అన్నావు ముమ్మూ," అన్నాడు ఆర్వో మెల్లగా. "రోజూ ఫోన్లో."

ముమ్ము కిటికీలోంచి పెరట్లోకి, సౌనా పొగగొట్టం వైపు చూస్తూ కూర్చుంది. ఆర్వో చెక్కు తీసిన దుంపను మళ్లీ మళ్లీ తీస్తున్నాడు, గోలీ కాయంత అయ్యింది. చివరికి ముమ్మూనే, "దాన్ని వదిలెయ్యరా, రేపటి కూరలోకి ఏమీ మిగలదు," అని, నావైపు తిరిగింది. "ఆ డాక్టరమ్మ దగ్గరికి ఎప్పుడెళ్లాలి?"

డాక్టర్ జుపాన్ అంకె అడగలేదు. "ఇదివరకు చేసేవి, ఇప్పుడు మానేసినవి ఏమిటి హిల్మా గారూ?" అంది.

ముమ్ము నావైపు చూసింది, తలుపు వైపు చూసింది. "జడ," అంది. ఆగింది. "జడ వేసుకోవడం మానేశాను. చేతులు వెనక్కి పోవు. అందుకే జుట్టు కత్తిరించుకున్నాను, సులువుగా ఉంటుందని అందరితో చెప్పాను." ఇక ఆగలేదు. చర్చిలో ఎవరైనా చెయ్యి కలపడానికి వస్తారేమోనని చివరి పాట కాకముందే బయటికి వచ్చేస్తోందట. పచ్చడి సీసా మూత రాక పచ్చడంటేనే ఇష్టం లేదని చెప్పడం మొదలుపెట్టిందట. ఉత్తరాల డబ్బాదాకా నడవలేక ఎదురింటామెను, ఎలాగూ వస్తున్నావు గదా అని తెమ్మంటుందట. ఒక్కొక్కటీ మాకు తెలిసిన సంగతే. ముమ్ముకు జుట్టు పొట్టిగా ఉంటేనే ఇష్టమనీ, పచ్చడి గిట్టదనీ మేమంతా నమ్మాం. పై బల్ల సంగతి చిట్టచివర చెప్పింది, చిన్న గొంతుతో, అదేదో అడగకూడని కోరిక అయినట్టు.

డాక్టర్ జుపాన్ ముమ్ము వాళ్ల ఊరి డాక్టర్‌తో మాట్లాడి మందులు మార్చింది. గోరువెచ్చని నీళ్ల కొలనులో వ్యాయామం చెయ్యమంది. అద్భుతాలేమీ జరగలేదు. ఒక మందు కడుపులో తిప్పితే మానేసి ఇంకొకటి ఇచ్చారు. కొలను నుంచి ఇంటికి తీసుకొచ్చేటప్పుడు ముమ్ము కారులో నా పక్కన కూర్చుని, తోటి ముసలాళ్ల ఈత బట్టల మీద జోకులేసేది. దారిలో ఆగి ఐస్‌క్రీం తినేవాళ్లం. ఆ వేసవంతా అలాగే గడిచింది. నా జీవితంలో అంత మంచి వేసవి ఇంకొకటి లేదు.

అక్టోబరులో ఆర్వోకు మినియాపొలిస్‌లో ఉద్యోగం వచ్చింది. మేం బయల్దేరే ముందు శనివారం సౌనాలో నేను అలవాటుగా కింది బల్ల మీద కూర్చోబోయాను.

"చెయ్యివ్వు," అంది ముమ్ము.

ఒక చెయ్యి నా భుజం మీద, ఒకటి గోడకు ఆనించి మధ్య బల్ల ఎక్కింది. అక్కడ కూర్చుని కళ్లు మూసుకుంది. చాలనుకుందేమో అనుకున్నాను. కాసేపటికి మళ్లీ చెయ్యి చాచింది. పైకి చేరేసరికి ఇద్దరం ఒగరుస్తున్నాం.

"నొప్పిగా ఉందా?"

"ఉంది. బాగా ఉంది," అంది ముమ్ము దాపరికం లేకుండా. "దిగడం నా ఒక్కదాని వల్ల కాదు. నువ్వే దింపాలి. కాబట్టి నేను చాలనేదాకా కదలకు."

గరిటెతో రాళ్ల మీద నీళ్లు పోసింది. ఆవిరి బుస్సుమని లేచి మా ఇద్దరి వీపులమీదా వాలింది. ముమ్ము మొహంలో ముడతలన్నీ ఒక్కసారిగా సడలిపోయాయి.

"పెళ్లైన కొత్తలో ఉర్హో, నేను ఇక్కడ పందెం వేసుకునేవాళ్లం," అంది. "ముందు దిగినవాళ్లు పొయ్యిలో బూడిద ఎత్తాలి. ఒక్కసారి కూడా నేను ఎత్తలేదు. ఆయన కావాలని ఓడిపోయేవాడని నాకు తెలుసు. తెలిసిందని ఆయనకు చెప్పలేదు."

చెబుతూనే ఇంకో గరిటె పోసింది. ఇంకో కథ మొదలుపెట్టింది. నా చెవులు కాలిపోతున్నాయి, కళ్లముందు చుక్కలు తిరుగుతున్నాయి. ముమ్ము మాత్రం వాలిన వేళ్లతో నా చెయ్యి పట్టుకుని హాయిగా కూర్చుంది.

ఇంతలో ధడాలున తలుపు తెరుచుకుంది. తువ్వాలు భుజాన వేసుకుని ఆర్వో తల లోపలికి పెట్టాడు. తన వెనకనుంచి దగ్గర్లోని సరస్సు మీది చలిగాలి రివ్వున వచ్చింది.

"బతికే ఉన్నారా? భోజనం చల్లారి—" అంటూ తలెత్తి, ముమ్ము ఎక్కడ కూర్చుందో చూసి, నోరు తెరిచి అలాగే నిలబడిపోయాడు.

"తలుపు వెయ్యరా!" అని ఇద్దరం ఒక్కసారే అరిచాం.