కర్పూరం సబ్బు

సింధూరి ఏ పనీ చివరికంటా చేసిన పాపాన పోలేదని వాళ్ళాయన పవన్‌కుమార్ వీధి వీధంతా చెప్పేవాడు. అందులో అబద్ధం లేదు. కుట్టుమిషను మూల చేరింది. సగం అల్లిన స్వెట్టరు ఎలుకల పాలయింది. బెజవాడ ఎండల్లో స్వెట్టరెందుకో ఆవిడకే తెలియాలి. అలాంటి మనిషి దిల్షాద్ బేగం దగ్గర సబ్బులు చేయడం నేర్చుకుంటానంటే నవ్వకేం చేస్తాడు?

దిల్షాద్ బేగంది గుణదలలో వాళ్ళ పక్కవాటా. మహిళా మండలిలో నేర్పిన ఆ పనిని మిగతావాళ్ళంతా మరిచిపోయినా ఆవిడ వదల్లేదు. డాబామీద ముక్కుకు తువ్వాలు కట్టుకుని, నీళ్ళలో కాస్టిక్ సోడా కొద్దికొద్దిగా వేసి కలిపేది. సోడాలో నీళ్ళు పోస్తే మొహాన చిమ్ముతుందని సింధూరిని దూరంగా నిలబెట్టేది. చల్లారిన ఆ నీళ్ళను కొబ్బరినూనెలో పోసి, గరిటె జాడ పైన నిలిచేదాకా తిప్పుతూనే ఉండేది. అత్తరు మాత్రం ఆఖర్న. వేడిమీద వేస్తే వాసన మనకంటే ముందే మేడ దిగిపోతుందనేది. అంతసేపు తిప్పినా ఆ ముఖంలో విసుగన్నది ఉండేది కాదు. బతికితే ఇంత ఓపిగ్గా బతకాలని సింధూరికి అనిపించేది.

ఇంతలో దిల్షాద్ బేగం కొడుకు అఫ్జల్‌కు పెళ్ళి కుదిరింది. పెళ్ళికి ముందురోజు వాళ్ళ ఆడవాళ్ళు గోరింటాకు, గాజులు, అత్తరు, సబ్బులు పళ్ళేల్లో పెట్టి పెళ్ళికూతురికి తీసుకెళ్తారు. ఆ సబ్బులు సింధూరినే చేయమంది దిల్షాద్ బేగం.

"ఏం వాసన వెయ్యాలో నువ్వే చూసుకో. నన్నడక్కు," అంది.

తనను నమ్మి ఒక శుభకార్యం పని అప్పగించినవాళ్ళు అంతవరకూ ఎవరూ లేరు. సింధూరి తెగ ఆలోచించింది. గుళ్ళో హారతి కళ్ళకద్దుకుని ఇంటికొచ్చాక కూడా చేతులకు ఉండిపోయే కర్పూరం వాసనకన్నా శుభమైనది ఆమెకు తోచలేదు. మెత్తగా నూరి, గోరువెచ్చటి నూనెలో కరిగించి, చివర్లో కలిపింది. అచ్చుల్లోంచి తీసిన సబ్బుల్ని అటకమీద ఆరబెట్టి, నెల దాటేదాకా మొగుణ్ణి కూడా ముట్టుకోనివ్వలేదు. తెల్లగా, నున్నగా వచ్చాయి. పవన్‌కుమార్ సబ్బును అటూ ఇటూ తిప్పి చూసి, జాగ్రత్తగా ఉన్నచోటే పెట్టాడు.

పళ్ళేలు సర్దేరోజు సింధూరి బుట్టతో వెళ్ళేసరికి ఇల్లంతా చుట్టాలు. దిల్షాద్ బేగం ఆడపడుచు ఒక సబ్బు తీసి వాసన చూసి, చప్పున బుట్టలో పెట్టేసింది.

"చనిపోయినవాళ్ళ ఆఖరి స్నానం నీళ్ళలో వేస్తాం మేము కర్పూరం," అంది ఆవిడ మెల్లగా. "దీన్ని పెళ్ళికూతురికి ఎట్లా పంపేదమ్మా?"

సింధూరికి నిలుచున్నచోటే భూమి చీలిపోతే బాగుండుననిపించింది. పూర్తిచేసిన ఒక్క పనీ ఇలా అయింది. బుట్ట ఎత్తుకుని గుమ్మం వైపు తిరిగింది.

దిల్షాద్ బేగం ఆ బుట్ట అందుకుంది. ఒక సబ్బు తీసుకుని పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్ళి, మోచేతులదాకా నురగ వచ్చేట్టు రుద్దుకుని కడుక్కుంది. తిరిగొచ్చి, తడిచేతుల్లో ముఖం దాచుకుని నిలబడింది.

"వదిన చెప్పింది నిజం. ఇవి పళ్ళెంలోకి రావు," అంది చివరికి. "మా అమ్మకి, అఫ్జల్ వాళ్ళ నానీకి, ఆఖరి స్నానం ఈ చేతుల్తోనే చేయించా. ఆ వాసన మళ్ళీ చూళ్ళేక ఇన్నేళ్ళూ కర్పూరం గుమ్మం దాటనివ్వలా. అఫ్జల్ పెళ్ళి చూసి పోతాననేది, పాపం. సింధూరీ, ఇవన్నీ నాకిచ్చెయ్యి. రేపు పొద్దున వీటితోనే స్నానం చేస్తా."

ఇంట్లో వాడకానికని తను చేసిపెట్టుకున్న మల్లె సబ్బులు పళ్ళెంలో సర్ది, ఆ పళ్ళెం సింధూరి చేతికిచ్చి, అందరికంటే ముందు నడవమంది. ఆడపడుచే వచ్చి పైన జరీగుడ్డ కప్పింది.

మర్నాడు షాదీఖానాకు బయల్దేరేముందు అఫ్జల్ సలాం చేయడానికి తల్లి ముందు వంగాడు. దిల్షాద్ బేగం రెండు చేతులతో వాడి ముఖం పట్టుకుంది. ఆ వాసనకు వాడు ఉలిక్కిపడి తలెత్తాడు.

"మీ నానీ వచ్చిందిరా," అంది.