నీళ్ళు ఆడని మూల

వెనిగర్ నీళ్ళలో నానబెట్టిన చేపల ట్యాంక్ పంపుని పాత టూత్‌బ్రష్‌తో తోముతుంటే వేలి మీది కోత చుర్రుమంది. "అబ్బా!" అందామె పైకే. హాల్లోంచి అత్తగారు, "ఇంకా అవలేదా? గిన్నెలు కూడా అంత శ్రద్ధగా తోమితే బావుణ్ణు" అన్నారు. నిన్నటి గిన్నెలూ తనే తోమింది, ఇవాళ్టివీ తనే తోమాలి.

ఆ ఉప్పునీటి ట్యాంక్ ఆమె భర్త ముచ్చట. బతికున్న పగడాలు ఏరి కోరి తెచ్చుకున్నాడు. వారం వారం ఉప్పునీళ్ళు కలిపేదీ, అద్దాల మీద పాచి గీకేదీ, పంపులు కడిగేదీ మాత్రం ఆమె. "ఎలాగూ ఇంట్లోనే ఉంటావుగా" అనేవాడు, ఆమె రోజూ ఎనిమిది గంటలు ఆస్పత్రి ల్యాబ్‌లో నిలబడి వస్తుందన్న సంగతే తెలియనట్టు.

రెండు నెలల కిందట రాళ్ళ వెనక మూలలో పగడాలు తెల్లబడి చావడం మొదలుపెట్టాయి. పంపులు రెండూ ఒకే పక్క బిగించాడతను. ఆ మూలకి నీళ్ళు ఆడటం లేదేమో అంది. "ఇదేం రక్తపరీక్ష కాదమ్మా. తెలీనివాటిల్లో వేలు పెట్టకు" అన్నాడు. అతను ఆఫీసుకి వెళ్ళాక చిటికెడు చేపల మేత వేసి చూసింది. మేత గిర్రున ఒక చుట్టు తిరిగి, ఆ మూలకే చేరి కదలకుండా కూర్చుంది. ఒక పంపుని ఎదుటి అద్దానికి మార్చింది. రెండు ధారలూ మధ్యలో గుద్దుకుని నాలుగు వైపులకీ చెదిరాయి. కొద్ది వారాలకి పగడాలు మళ్ళీ విచ్చుకున్నాయి. పంపు చోటు మారిందని కూడా గమనించకుండా, "చూశావా? నా చేతి చలవ!" అన్నాడు. ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

మొన్న ల్యాబ్ వాళ్ళు ఆరు వారాల ట్రైనింగ్‌కి ఆమెని ఎంపిక చేశారు. వేరే ఊళ్ళో. చేసొస్తే ల్యాబ్ బాధ్యత ఆమెదే. పదకొండేళ్ళుగా ఎదురుచూసిన మాట.

"ఆరు వారాలా? మరి ట్యాంక్ ఎవరు చూస్తారు?" అన్నాడు మొగుడు.

నువ్వు లేకపోతే నేనెలా ఉంటానని మాటవరసకైనా అనలేదు. ట్యాంకట! "రాలేను" అని జవాబు టైప్ చేసింది కానీ, పంపడానికి చెయ్యాడలేదు. ఇవాళ సాయంత్రమే గడువు.

మధ్యాహ్నం అతని పై ఆఫీసరు వచ్చాడు. ఆయనకీ ఇదే పిచ్చి. ట్యాంక్ ముందు నిలబడి, "మా ఇంట్లో ఒక మూల నీళ్ళు కదలనే కదలవయ్యా. నువ్వెలా సర్దావు?" అన్నాడు.

"బుర్ర బద్దలు కొట్టుకున్నాను సార్! అంతా నేనే. మా ఆవిడకి అద్దాలు తుడవడం తప్ప ఏం తెలీదు, పాపం." అత్తగారు కూడా నవ్వారు.

"అది సరే, కడగడానికి తీసినట్టున్నారు, పంపులు ఎటు తిప్పి పెట్టావు?"

"అంటే సార్... అదీ..." అంటూ ఆమె వైపు చూశాడు. ఎప్పటి చూపే. చుట్టాల పేర్లు, తల్లి మందులు, అతని చొక్కా కొలతలు, ఇన్నేళ్ళూ అతను ఆ చూపు చూస్తే చాలు, ఆమె అందించేసేది. ఇప్పుడూ జవాబు నాలుక చివరి దాకా వచ్చింది. మింగేసింది.

"ఆయన్నే చెప్పనివ్వండి. నాకు తుడవడమేగా వచ్చు" అంది, టీ కప్పులు బల్ల మీద పెడుతూ.

అతని ముఖం మాడిపోయింది. ఆమె వంటింట్లోకి వెళ్ళి ఫోన్ తీసింది. "రాలేను" చెరిపి, "వస్తున్నాను" అని పంపేసింది.

ఆఫీసరు గడప దాటగానే అతను ఊగిపోతూ వచ్చాడు. "నలుగురిలో నా పరువు తీశావు! ఆ ముక్క చెప్తే నీ సొమ్మేం పోయేది?"

ఆమె తడి టూత్‌బ్రష్ అతని చేతిలో పెట్టింది.

"సోమవారం వెళ్తున్నాను. రెండో పంపు బకెట్‌లో నానుతోంది, తోముకోండి."