నవ్విన తప్పు

మైదా జిగురు ఇంకా ఉడుకుతుండగానే దారం ఏదని విల్‌ఫ్రెడ్ కేక వేశాడు. దారం ఆయన మోకాలి పక్కనే ఉంది. ఎలీసమ్మ స్టవ్వు తగ్గించి వచ్చి, దాన్ని తీసి మొగుడి చేతిలో పెట్టి, మళ్ళీ వెళ్ళి జిగురు కలిపింది. డిసెంబరు మొదటి ఆదివారం ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో తెలుగు క్రైస్తవులు ఇంటింటికీ నక్షత్రం కడతారు. సంఘపెద్దలు వచ్చి దాని కింద ప్రార్థన చేసి, టీ తాగి వెళతారు. గోడలకు సున్నం, గులాబీ పువ్వుల పిండివంట, టీ, గిన్నెలు ఆవిడ వంతు. స్టూలెక్కి నక్షత్రం కట్టడం ఆయన వంతు. ఇల్లు ఎంత బాగా ముస్తాబు చేశావయ్యా అని అందరూ ఆయన్నే మెచ్చుకుంటారు.

పెళ్ళయిన మొదటి డిసెంబరులో 'హేపీ క్రిస్మస్' అని ఇంగ్లీషు అక్షరాలు రంగు కాగితంలో ఆవిడే కోసింది, తప్పుగా. ఆ కథ ఏటా టీతో పాటు వడ్డనకొస్తూనే ఉంది. "మా ఇంట్లో ఏసుప్రభువుకి కూడా స్పెల్లింగు తిప్పలే" అంటాడు విల్‌ఫ్రెడ్. అందరూ పొట్ట పట్టుకుని నవ్వుతారు. నవ్వకపోతే మూతి ముడుచుకుందంటారని ఆవిడా నవ్వుతుంది. అప్పటినుంచి అక్షరాలు ఆయనే కోస్తున్నాడు.

ఈసారి రైల్వే వర్క్‌షాపులో డ్యూటీ దిగి వస్తూ గోల్‌బజార్ నుంచి థర్మోకోల్ తెచ్చి కోశాడు. ఎలీసమ్మ జిగురు గిన్నెతో వచ్చి చూస్తే క్రిస్మస్‌లో ఓ అక్షరం లేదు. అన్నేళ్ళు ఆ మాట మీద నవ్వులపాలైన మనిషికి, నిద్రలేపి అడిగినా ఆ స్పెల్లింగు తప్పు పోదు. నవ్వు ఆగలేదు. "ఏటండీ, ఒక అక్షరం వర్క్‌షాపులో మరిసిపోనారా?" అంది. జిగురు అడిగి పట్టుకెళ్దామని వచ్చిన పక్కింటి చిలకమ్మ కిసుక్కుమంది.

విల్‌ఫ్రెడ్ మొహం మాడిపోయింది. కత్తెర పడేసి లోపలికి వెళ్ళిపోయాడు.

"పరాయోళ్ళ ముందర మొగుణ్ణి నవ్వినావేటే? వారమంతా డూటీ సేసొచ్చి నీ ఇంటికోసమే కదా కూసున్నాడు" అంది అత్తగారు సరోజమ్మ.

ఎలీసమ్మ ప్రాణం ఉసూరుమంది. పండగ నెల మొదలవుతూనే ఇంట్లో మనిషి మనసు విరిచేశాను కదా అని కుమిలిపోయింది. తనని నవ్విన రోజుల్లో ఎవరైనా ఇలా కుమిలారా అన్న ఆలోచన కూడా రాకపోలేదు. ప్రార్థన రోజున అలా ఎంచడం మరో పాపమనిపించి దాన్ని తోసేసింది. టీ పట్టుకెళ్ళి, "తప్పయిపోనాదండీ" అంది.

ఆయన టీ అందుకున్నాడు. "మళ్ళీ కొయ్యడానికి థర్మోకోల్ లేదు. అలాగే అతికించీ. పెద్దలొస్తే నువ్వే కోసినావని సెప్పు. నీకలవాటే కదా."

"అలాగేనండీ" అంది. అన్నాక బరువు దిగినట్టు కూడా అనిపించింది.

సాయంత్రం సంఘపెద్ద తీతుగారు గుమ్మంలోనే నిలబడి గోడమీది అక్షరాలు చదివారు. "ఏటమ్మా ఎలీసమ్మా, మళ్ళీ నువ్వేనా?" అని నవ్వారు. వెనకున్నవాళ్ళు నవ్వడానికి సిద్ధమయ్యారు. పిండివంటల పళ్ళెం పట్టుకున్న కూతురు సూసన్న అందరికంటే ముందే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అమ్మను చూసి నవ్వడం దానికీ వచ్చేసింది.

"నాను కాదు బాబూ" అంది ఎలీసమ్మ. "ఆయన కోసినారు."

ఎవరూ నవ్వలేదు. తీతుగారు దగ్గి, "ప్రార్థన సేసుకుందాం" అన్నారు. ఆవిడ తప్పయితే టీ చల్లారేదాకా నవ్వే మనుషులకి, ఆయన తప్పయ్యేసరికి దేవుడు గుర్తొచ్చాడు. తలలన్నీ వంగాయి. మొగుడికిచ్చిన మాట తప్పిన పాపం ఎలీసమ్మ గుండెల్లో దడదడలాడుతూనే ఉంది.

ఉండనీ, అనుకుంది.