గాల్లో ఆగిన మోటారు

డ్రాయింగ్ టీచరు చేసిన బొమ్మ విమానం రెండోసారి కూడా ముక్కు పగలగొట్టుకుంది. నేల మీద నుంచి చక్కగానే లేచింది. ఇంకా పైకి ఎక్కిద్దామని ఆమె రిమోటు పుల్లను చివరిదాకా నెట్టిందో లేదో, గొంతు నొక్కినట్టు మోటారు ఆగిపోయింది. విమానం మైదానం అంచున గడ్డిలో దబ్బున పడింది.

"వదినా, దీనికి రెక్కలకంటే కట్లే ఎక్కువయ్యాయి," అంది ఆడపడుచు ముక్కలేరుతూ. ఆవిడ ఆస్పత్రిలో నర్సు. కట్లు కట్టడం వెన్నతో పెట్టిన విద్య. నవ్వులాటకే అన్నా టీచరుకు చురుక్కుమంది. ఫోమ్ పలకలు కోసి, అతికించి, సెలవులన్నీ దాని మీదే ధారపోసింది మరి.

బొమ్మ విమానాల క్లబ్బులో తలా ఒక మాట అన్నారు. మోటారు మార్చమన్నారొకరు, బ్యాటరీ పారేయమన్నారొకరు. ఇంటికొచ్చి మీటరు పెట్టి చూస్తే బ్యాటరీలో చార్జి బాగానే ఉంది. వేలితో తిప్పితే మోటారు నున్నగా తిరిగింది. ఇక మిగిలింది ఆ రెంటికీ మధ్య, అగ్గిపెట్టెంత స్పీడ్ కంట్రోలరు.

"దొంగ దొరికాడు," అంది టీచరు.

"ఇదేం చేస్తుంది వదినా?"

"నేను పుల్ల ఎంత నెడితే మోటారుకు అంత కరెంటు పంపిస్తుంది. బ్యాటరీ మరీ నీరసపడితే మోటారును ఆపేస్తుంది. ఆ కాస్త చార్జి తోక కదిపి కిందికి దించుకోవడానికైనా మిగలాలి కదా! కానీ ఒక్కసారిగా ఎక్కువ లాగితే, నిండు బ్యాటరీకి కూడా క్షణంపాటు వోల్టేజి పడుతుంది. దానికే ఇది హడలిపోతోంది."

"అంటే, బీపీ కాస్త తగ్గగానే పేషెంటు ఊపిరి గొట్టం పీకేసినట్టా? అలాంటివాళ్లను మా వార్డులో ఉంచరు!"

టీచరు ముందు ప్రొపెల్లర్ ఊడదీసింది. మోటారు పొరపాటున తిరిగినా వేళ్లు దక్కాలి. పుల్లను పైదాకా నెట్టి బ్యాటరీ తగిలించింది. బీప్, బీప్. కిందికి దించింది. పుల్లకు పై హద్దేదో, కింది హద్దేదో కంట్రోలరుకు తెలిసింది. తర్వాత అసలు పని. కంట్రోలరు వేసే కూతలు లెక్కపెట్టి, సరైన కూత దగ్గర పుల్ల దించితేనే అమరిక మారుతుంది.

"వదినా, కాఫీ..."

"ఉష్! లెక్క తప్పించావు. మళ్లీ మొదటికొచ్చింది!"

ఈసారి నర్సు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అమాంతం ఆపు" పోయి "మెల్లగా తగ్గించు" వచ్చింది.

ఆదివారం మైదానంలో టీచరు మళ్లీ రిమోటు పట్టుకుంది. విమానం లేచింది. పంటి బిగువున ఆమె పుల్లను చివరిదాకా నెట్టింది. మోటారు ఆగలేదు! కందిరీగలా రొద పెడుతూ నిటారుగా ఎక్కింది. క్లబ్బువాళ్ల తలలన్నీ పైకి లేచాయి. చాలాసేపు చక్కర్లు కొట్టాక మోటారు జోరు మెల్లగా తగ్గింది. ఆ తగ్గడమే దిగమని చెప్పడం. ఆమె కంగారు లేకుండా మలుపు తిప్పి, పువ్వు పెట్టినట్టు చక్రాల మీద దించింది.

నర్సు పరుగున వచ్చి వాటేసుకుంది. "బతికించావు వదినా!"

"ఇంకో బ్యాటరీ ఇలా తే," అంది టీచరు.

ఈసారి పుల్ల పూర్తిగా నెట్టి, విమానాన్ని ఆకాశంలో నిండు సున్నా చుట్టేలా తిప్పింది. కింద అందరికంటే గట్టిగా ఈల వేసింది ఆడపడుచే.