గంగరాజు స్థలంలో నవ్వులవాళ్లు

గంగరాజు తన స్థలాన్ని పొద్దుటిపూట చూడటం అదే మొదటిసారి. కొని నాలుగేళ్లు కావస్తున్నా, తెల్లారేసరికి సముద్రంలో ఉండే మనిషికి ఆ వేళప్పుడు ఒడ్డున ఏం పని ఉంటుంది? ఎప్పుడో ఓ సాయంత్రం భార్య సూర్యకాంతమ్మతో కలిసి ఆటోలో రుషికొండ అవతలి లేఅవుట్‌కి వెళ్లేవాడు. హద్దు రాళ్లు నాలుగూ ఉన్నాయని చూసుకుని, ఇక్కడ వంటిల్లు, అక్కడ పడగ్గది, ఆ మూల వలలు పెట్టుకునే కొట్టు అని ఇద్దరూ గాలిలో గీతలు గీసుకుని, జాలరిపేట తిరిగొచ్చేసేవారు. ఈసారి వేట నిషేధం మొదలై బోట్లన్నీ ఒడ్డెక్కాయి. మెలకువ మాత్రం అలవాటు ప్రకారం వచ్చేస్తోంది. ఇంట్లో కూర్చుని భార్య చేత చీవాట్లు తినే కన్నా స్థలం చూసొస్తే నయమనుకుని బయల్దేరాడు.

వెళ్లి చూస్తే స్థలం నిండా జనం. తెల్ల బూట్లు వేసుకున్న పెద్దవాళ్లు, ఆడా మగా, గుండ్రంగా నిలబడి చేతులు పైకెత్తి పగలబడి నవ్వుతున్నారు. గంగరాజు రోడ్డు మీదే ఆగిపోయాడు. ముందు లుంగీ సరిగ్గా ఉందో లేదో చూసుకున్నాడు. తర్వాత వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాడు. ఎవరూ లేరు. వాళ్లు ఠక్కున ఆపి, ఊపిరి పీల్చుకుని, మళ్లీ మొదలుపెట్టారు.

మెడలో విజిల్ వేసుకున్న పొడుగాటి పెద్దాయన గంగరాజుని చూసి, సిగ్గుపడకుండా రమ్మని చెయ్యి ఊపాడు. పెద్దమనిషి పిలిస్తే వెళ్లకపోతే బాగుండదని గంగరాజు వెళ్లాడు. వెళ్లాక నిలబడక తప్పలేదు, నిలబడ్డాక నవ్వక తప్పలేదు. అలా తన సొంత స్థలంలో, ఎవరో ఏమిటో తెలియని వాళ్ల మధ్య, విజిల్ వేసినప్పుడల్లా చాలాసేపు నవ్వాడు. అయిపోయాక ఒకావిడ స్టీలు గ్లాసులో రాగి జావ ఇచ్చింది. ఆవిడ పేరు ప్రేమలీల. విజిల్ పెద్దాయన జ్ఞానదాసు ఆవిడ భర్త. స్టీల్ ప్లాంట్ సివిల్ విభాగంలో చేసి రిటైరయ్యాడు, ఇప్పుడు ఈ నవ్వుల క్లబ్బుకి అధ్యక్షుడు. ఇది లేఅవుట్ పార్కనీ, రోజూ ఇక్కడే నవ్వుతామనీ ఆయన చెప్పాడు. నిజానికి లేఅవుట్ పార్కు పక్క బిట్టు. అందులో తుమ్మ ముళ్లు మనిషెత్తు పెరిగి ఉన్నాయి. గంగరాజు స్థలాన్ని సూర్యకాంతమ్మ పండక్కీ పబ్బానికీ మనిషిని పెట్టి చదును చేయించేది. శుభ్రంగా ఉన్నదే పార్కని వీళ్లు అనుకున్నారు. ఈ మాట చెబుదామని గంగరాజు నోరు తెరిచాడు గానీ నోటి నిండా జావ ఉంది. మింగేసరికి అందరూ వెళ్లిపోయారు.

ఇంటికొచ్చి స్థలంలో ఎవరో చేరారని చెబితే సూర్యకాంతమ్మ అడిగింది. "మరి మాదని సెప్పినావా?"

"సెప్పనేదు."

"మరేటి సేసినావు అంతసేపు?"

"నవ్వినాను," అన్నాడు గంగరాజు.

ఆవిడ చేతిలో గరిటె మొగుడి వైపు ఎత్తింది. ఇవాళ నవ్వినవాళ్లు రేపు గుడిసె వేస్తారని, నిషేధం అయ్యేలోగా కంచె వేయించకపోతే తానే వచ్చి వాళ్లందరినీ ఏడిపిస్తానని చెప్పింది.

కంచె వేయించడమంటే దుకాణానికెళ్లి కిలో ఉల్లిపాయలు తెచ్చినట్టు అనుకున్నాడు గంగరాజు. పూర్ణా మార్కెట్ దగ్గర తీగల కొట్టులో అడిగితే తీగ మందం ఎన్నో గేజీ కావాలన్నారు. మధురవాడలో అడిగితే ఎంత ఎత్తన్నారు, రాతి స్తంభాలా సిమెంటువా అన్నారు, ముళ్ల తీగా జాలీయా అన్నారు. జవాబు తెలియని పరీక్షకి కూర్చున్నట్టయింది. చివరికి బోటులో వాటాదారుడి బావమరిది తాతబాబు కంచెల కాంట్రాక్టు చేస్తాడని తెలిసి ఫోన్ చేశాడు. తాతబాబుది ఎలమంచిలి. ప్రశ్నలేవీ వేయకపోవడం గంగరాజుకి బాగా నచ్చింది.

"అన్నీ నాను సూసుకుంతాను బావా," అన్నాడు తాతబాబు. "అడుగుకి రెండొందలు. గేటు వేరే."

"సరే."

"గేటుకి బందులు వేరే. తాళం వేరే. స్తంభాలు తెచ్చిన బండి వేరే, బండిలోంచి దించడం వేరే."

"గొయ్యి?"

"గొయ్యి అందులోనే. గొయ్యిలోన సిమెంటు వేరే."

రూల్సేమైనా ఉంటాయా అని గంగరాజు భయంభయంగా అడిగాడు. రూల్సన్నీ గోడకేననీ, తీగకి రూలేమీ ఉండదనీ, గాలి ఇటునుంచి అటు పోతున్నంతవరకూ ప్రభుత్వానికి అభ్యంతరం లేదనీ తాతబాబు చెప్పాడు.

మర్నాడు పొద్దున్నే తాతబాబు టేపు పట్టుకుని స్థలానికొచ్చాడు. నవ్వులవాళ్లు అక్కడే ఉన్నారు. టేపు చూడగానే జ్ఞానదాసు విజిల్ మూగబోయింది. ఆయన గబగబా వచ్చి గంగరాజు రెండు చేతులూ పట్టుకున్నాడు. పార్కుకి కంచె వేయమని ఎన్నిసార్లు అర్జీలు పెట్టారో, ఎంతమంది చుట్టూ తిరిగారో చెప్పాడు. దేవుడు ఆలస్యం చేస్తాడు గానీ కార్పొరేషన్ వాళ్లని పంపిస్తాడన్నాడు. ఇంత మంచి కబురు మోసుకొచ్చి, ఆ రోజు ఆ మాట చెప్పకుండా తమతో కలిసి నవ్విన సూపర్‌వైజర్ గారిని క్లబ్బు ఎన్నటికీ మరవదన్నాడు.

సూపర్‌వైజర్ గారు ఎవరా అని గంగరాజు అటూ ఇటూ చూసి, తానేనని తెలుసుకున్నాడు. కాదండీ, ఇది నా స్థలమండీ అని చెప్పడానికి గొంతు సవరించుకున్నాడు. అంతలో జ్ఞానదాసు తాతబాబు వైపు తిరిగి, ఆ టేపు ఎందుకు వేలాడుతోందని అడిగాడు. తాతబాబు టేపుని ఊయలలాగా వదులుగా పట్టుకుని కొలుస్తున్నాడు. బిగించి కొలిపించేసరికి స్థలం చుట్టుకొలత ఒక్క దెబ్బకి పది అడుగులు తగ్గింది. గంగరాజు నోరు మూసుకున్నాడు.

ఆ తర్వాత కూడా చెబుదామని రెండు మూడుసార్లు అనుకున్నాడు. కానీ అనుకున్నప్పుడల్లా జ్ఞానదాసు ఏదో ఒకటి తగ్గించేవాడు. పార్కుకి ముళ్ల తీగ పనికిరాదు, పిల్లలకి గుచ్చుకుంటుంది, జాలీ వేయాలన్నాడు. మామూలు తీగైతే ఈ ఉప్పు గాలికి రెండు వానాకాలాలు కూడా ఆగదు, జింకు పూత దళసరిగా ఉన్నదే తేవాలన్నాడు. ఇసక నేలలో అడుగు గొయ్యి తీసి స్తంభం పాతితే మేక ఆనుకున్నా పడిపోతుంది, రెండడుగులు తవ్వి కాంక్రీటు పోయాలి, ఆ కాంక్రీటు రేటులోనే ఉండాలి, గేటుకి బందులు వేరేగా లెక్కకట్టే కాంట్రాక్టరుని తన సర్వీసులో చూడలేదు అన్నాడు. అన్నీ కలిపి అడుగుకి నూటడెబ్భైకి తెచ్చాడు. తాతబాబు గంగరాజుని పక్కకి లాగి, ఈ ముసలాయన ఎవరు బావా అని ఏడుపు గొంతుతో అడిగాడు. మనవాడేనని గంగరాజు చెప్పాడు. ఆ రోజుకి అది సగం నిజమే అనిపించింది.

రూల్స్ విషయంలో జ్ఞానదాసు తాతబాబు మాట నమ్మలేదు. సూపర్‌వైజర్ గారిని స్కూటర్ ఎక్కించుకుని వార్డు సచివాలయానికి తీసుకెళ్లాడు. దారి పొడుగునా గంగరాజు గుండెల మీంచి చెయ్యి తీయలేదు, ఎందుకంటే స్థలం కాగితాలు తన చొక్కా లోపల కవర్లో ఉన్నాయి. అదృష్టం బాగుండి జ్ఞానదాసుకి స్కూటర్ పెట్టే చోటు దొరకలేదు. ఆయన వెతుక్కునేలోపు గంగరాజు లోపలికి పరుగెత్తి, ప్లానింగ్ చూసే అమ్మాయి ముందు కాగితాలు పరిచాడు. ఆ అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. గోడ కడితే ముందు అనుమతి తీసుకోవాలి. తీగ కంచైతే తన హద్దు రాళ్లకి లోపలే వేసుకోవాలి, కాలువ మీదికీ రోడ్డు మీదికీ రాకూడదు, గేటు లోపలికే తెరుచుకోవాలి, రాళ్ల విషయంలో అనుమానముంటే సర్వేయరు చేత కొలిపించుకోవాలి. గంగరాజు కాగితాలు చొక్కాలో దోపుకునేసరికి జ్ఞానదాసు రొప్పుతూ వచ్చాడు. విన్నదంతా గంగరాజు ఆయనకి అప్పజెప్పాడు. ఇంత శ్రద్ధగల ఉద్యోగిని తాను చూడలేదని జ్ఞానదాసు భుజం తట్టాడు. గంగరాజుకి సిగ్గేసింది. అయినా ఉద్యోగం బాగానే ఉందనిపించింది.

పని మొదలయ్యాక క్లబ్బంతా కాపలా కాసింది. ఒకాయన స్తంభాలు నిటారుగా ఉన్నాయో లేదో కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసేవాడు. ఇంకొకాయన సిమెంటుకి నీళ్లు పోసేవాడు. ప్రేమలీల కూలీలకి జావ ఇచ్చేది. ఆవిడ క్లబ్బుకి రోజూ వచ్చేది గానీ ఎప్పుడూ నవ్వేది కాదు. కారణం లేకుండా నవ్వు రాదని, పెళ్లయిన దగ్గర్నుంచీ ఆయన వేసిన విజిల్‌కల్లా ఆడటం తనవల్ల కాదని ఒకసారి గంగరాజుతో నెమ్మదిగా చెప్పింది. ఇంటి దగ్గర సూర్యకాంతమ్మ పని ఎంతవరకు వచ్చిందని అడిగితే, స్టీల్ ప్లాంటు ఇంజనీరు దగ్గరుండి చూస్తున్నాడని గంగరాజు చెప్పేవాడు. తాతబాబు ఇచ్చిన రేటులో ఇంజనీరు కూడా వస్తాడా అని ఆవిడ ముచ్చటపడింది.

ఒక పొద్దున గంగరాజు వెళ్లేసరికి స్థలం మధ్యలో కొత్త సిమెంటు బల్ల ఉంది. వెనక ఆనుకునే చోట 'నవ్వుల క్లబ్బు వారి విరాళం' అని ఎర్ర అక్షరాలున్నాయి. క్లబ్బువాళ్లు తలా కొంచెం వేసుకుని చేయించారట. గంగరాజు ఆ అక్షరాలు రెండుసార్లు చదివాడు. ఇక చెప్పేయాలి అనుకుని జ్ఞానదాసు దగ్గరికి వెళ్తే, ఆయన ఆదివారం ఉదయం చర్చికి వెళ్లేముందు ప్రారంభోత్సవమనీ, రిబ్బను సూపర్‌వైజర్ గారే కత్తిరించాలనీ అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు కూడా ఉన్నాయి. అలాంటి మనిషికి చెప్పేదెలా?

ఆదివారం గంగరాజు ఇంట్లో చెప్పకుండా బయల్దేరాడు. కానీ ఆ ముందురోజే తాతబాబు మిగతా డబ్బు కోసం ఇంటికి ఫోన్ చేసి, గేటు పెట్టేశామక్కా అని సూర్యకాంతమ్మతో చెప్పేశాడు. ముందుగా పసుపు రాయకుండా ఏ గేటైనా గేటెలా అవుతుంది? జ్ఞానదాసు ఉపన్యాసం సగంలో ఉండగా ఆటో వచ్చి ఆగింది. పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, నిమ్మకాయలు ఉన్న పళ్లెంతో సూర్యకాంతమ్మ దిగింది. చేతిలో కత్తెరతో నిలబడ్డ మొగుణ్ని చూసింది, రిబ్బను చూసింది, వంగి రిబ్బను కింద నుంచి దూరి గేటుకి పసుపు రాయడం మొదలుపెట్టింది.

ఇది పబ్లిక్ పార్కమ్మా, పూజలు చేయకూడదని ఒకాయన మర్యాదగా చెప్పాడు. సూర్యకాంతమ్మ వినిపించుకోకుండా లోపలికెళ్లి బల్ల ముందు ఆగింది.

"ఇదెవులు ఏసినారు?"

"మా క్లబ్బు వేయించిందమ్మా," అన్నాడు జ్ఞానదాసు గర్వంగా. "పార్కులో ఎవరైనా కూర్చోవచ్చు."

"పార్కేటి బాబూ? మీరు బల్ల ఏసింది మా పడగ్గదిలోన."

అందరూ ఆమె వంక చూశారు. తర్వాత గంగరాజు వంక చూశారు. ఇక దాచడానికి లేదు. కత్తెర వెనక్కి పెట్టుకుని గంగరాజు చెప్పాడు, "ఈ స్థలం మాదేనండి. పార్కు ఆ పక్కది, తుమ్మలున్నాది."

"మరి నువ్వు సూపర్‌వైజర్‌వి కాదా?" అని అడిగాడు జ్ఞానదాసు.

"నాను సేపల ఏటకెల్తానండి. మీరే అలగన్నారు. బాగుందని ఊరుకున్నాను."

జ్ఞానదాసు ముఖం ఎర్రబడింది, తర్వాత తెల్లబడింది. తగ్గించిన అడుగులు, బిగించిన టేపు, పోయించిన కాంక్రీటు, ఎండలో నిలబడ్డ పొద్దులు అన్నీ ఆయన కళ్ల ముందు తిరిగాయి కాబోలు, మెడలోంచి విజిల్ తీసి జేబులో వేసుకున్నాడు. అంతలో ఎక్కడో చిన్న చప్పుడు మొదలైంది. ప్రేమలీల. చీరకొంగు నోట్లో కుక్కుకుంది, లాభం లేకపోయింది. పడగ్గది, పడగ్గది అంటూ బల్ల మీద కూలబడి, పొట్ట పట్టుకుని, ఊపిరందక చేతులు విసురుతూ నవ్వింది. చూసి సూర్యకాంతమ్మకి ఆగలేదు, పళ్లెం పక్కన పెట్టి ఆవిడ పక్కనే కూర్చుని నవ్వింది. తర్వాత క్లబ్బంతా నవ్వింది. విజిల్ ఎవరూ వేయలేదు. జ్ఞానదాసు ఒక్కడే నవ్వలేదు, చర్చికి వేళయిందంటూ స్కూటర్ ఎక్కి వెళ్లిపోయాడు. వెనక కూర్చోవాల్సిన భార్యని మరిచిపోయాడు.

సోమవారం పొద్దున క్లబ్బువాళ్లు గేటు బయట రోడ్డు మీద నిలబడి, గొంతు తగ్గించి నవ్వుతున్నారు. ఇల్లు కట్టేదాకా లోపలే నవ్వుకోమని చెప్పడానికి సూర్యకాంతమ్మే మొగుణ్ని పంపించింది. వెళ్లేటప్పుడు గేటు వేసుకోవాలి, మేకలు దూరతాయి, అంతే. బల్ల ఉండొచ్చు గానీ సముద్రం వైపు తిప్పాలంది. అందరూ లోపలికొచ్చారు, జ్ఞానదాసు తప్ప. ఆయన పక్క బిట్టులో ప్యాంటు పైకి మడుచుకుని తుమ్మ ముళ్ల మధ్య హద్దు రాళ్లు వెతుకుతున్నాడు. గంగరాజు వెళ్లి దూరంగా నిలబడ్డాడు. క్షమించమని అడగడానికి మాటలు కూర్చుకుంటుంటే ఆయనే ఇటు చూడకుండా అడిగాడు.

"ఏమయ్యా, తుమ్మలు కొట్టడానికి మీ పేటలో మనుషులు దొరుకుతారా?"

"దొరుకుతారండి. బోట్లు ఒడ్డెక్కీసినాయి కదా, అందరం కాళీయే."

"రేటు నేను మాట్లాడతాను. నువ్వు మధ్యలో రాకు."

తర్వాత గంగరాజు తాతబాబుకి ఫోన్ చేసి ఇంకో కంచె పనుందన్నాడు. తాతబాబు సంబరపడ్డాడు. అది విని జ్ఞానదాసు ఫోన్ అందుకుని "హలో" అన్నాడు.  వెంటనే తాతబాబు, తాను పని మీద ఒడిశా వచ్చేశాననీ ఎప్పుడు తిరిగొస్తానో తెలియదనీ చెప్పి ఫోన్ పెట్టేశాడు.

జ్ఞానదాసు ఫోన్ గంగరాజుకి ఇచ్చేశాడు. ముళ్లు దులుపుకుని స్కూటర్ తీశాడు. మధురవాడలో ఇంకో కాంట్రాక్టరు ఉన్నాడట, వాడినీ చూద్దామన్నాడు. ముందు పార్కుకి మళ్లీ అర్జీ పెట్టాలి, అనుమతి రాకుండా ఒక్క స్తంభం కూడా పాతేది లేదు, ఈసారి ఎవరి స్థలమో నాలుగుసార్లు అడిగాకే టేపు తీసేది అని కూడా చెప్పాడు. గంగరాజు సరేనని వెనక ఎక్కి కూర్చున్నాడు.