పనసగుడకి చేరిన మెసేజి

కాఫీ తోటలో నిలబడి, ఎర్రగా పండిన కాఫీ పండుని రెండు వేళ్ళతో పట్టుకుని, "మరి గింజ ఏదీ?" అని అడిగాడు వరహాలరావు. కాఫీ కంపెనీకి మేనేజరు! పండు లోపలే గింజ ఉంటుందని తెలియని మహానుభావుణ్ణి విశాఖపట్నం నుంచి తెచ్చి మా నెత్తిన కూర్చోబెట్టారు. ఆ క్షణమే నాకు అతనంటే అసహ్యం పుట్టింది. పుట్టిన అసహ్యాన్ని పెంచుకోవడంలో నేనూ లోటు చెయ్యలేదు.

అది 2007. నేను టైటస్‌ని, అరకులో ఆ కంపెనీకి ఫీల్డ్‌మేన్‌ని. మిషన్ బళ్ళో పదో తరగతి చదివి, పదకొండేళ్ళుగా కొండలెక్కి దిగుతున్నవాణ్ణి. కాఫీ గురించి ఒక్క ముక్క చెప్తాను, అది తెలిస్తే చాలు. పండు కోసిన రోజే యంత్రంలో వేసి తోలు తీసెయ్యాలి. ఒక రాత్రి దాటితే సంచిలోనే పులుస్తుంది, రెండు రాత్రులు దాటితే కంపు కొడుతుంది. కాబట్టి బండి ఎప్పుడొస్తుందో తెలిశాకే చెట్టు మీద చెయ్యి వెయ్యాలి.

కొండ మీది ఊరు పనసగుడకి రోడ్డు లేదు. బండి కింద మలుపు దగ్గర ఆగితే, ఊళ్ళోవాళ్ళు గంటన్నర నడిచి నెత్తిన మోసుకొస్తారు. అంతకుముందు వాళ్ళు పళ్ళని మట్టినేల మీద ఎండబెట్టి, సంతలో షావుకారు ఎంతంటే అంతకి ఇచ్చేసేవారు. ఆ అలవాటు మాన్పించింది ఆ ఊరి కనక అనే ఆవిడ. ముప్ఫయ్యేళ్ళుంటాయేమో, చదువు లేదు, నోరు మాత్రం ఉంది. ఇరవై రెండిళ్ళ వాళ్ళనీ కూర్చోబెట్టి, పండు పండుగానే కంపెనీకి ఇద్దామంది. ముసలాళ్ళు మూతి తిప్పారు. "బండి రాకపోతే పళ్ళన్నీ మన మొకాన్న కుళ్ళిపోవా? అప్పుడెవుల్ని అడగాల?" అన్నారు.

"నన్నడగండి" అంది కనక. "బండికి నాది పూచీ."

అక్కడ పూచీ పడడమంటే మాటలు కాదు. పూచీ తప్పినవాళ్ళని ఎవరూ తిట్టరు, కొట్టరు. ఊరు కూర్చున్నప్పుడు పిలవరు, అంతే. పిలవకపోతే ఆ ఊళ్ళో ఉన్నా లేనట్టే.

కంపెనీ ఊరికో సెల్‌ఫోను ఇచ్చింది. పనసగుడలో సిగ్నల్ ఇళ్ళ దగ్గర అందదు, ఊరి పైనున్న బండ మీద అందుతుంది. కబుర్లు మోయడం బారికి పని. అంటే ఊళ్ళో కేకేసి కబురు చెప్పేవాడన్నమాట. అందుకని ఫోను కనక చేతిలో ఉండకూడదని ఊరంతా తీర్మానించి, దాన్ని బారికి బుధుకి అప్పగించింది. వాడు ప్లాస్టిక్ కవర్లో చుట్టి, వెదురుబుట్టలో పెట్టి, బండ మీద పాతిన కర్రకి వేలాడదీశాడు. మొదట చూసి నేనూ నవ్వాను. తర్వాత బుద్ధి తెచ్చుకుని, నేనూ కనకా కలిసి ఓ లెక్క పెట్టుకున్నాం. శుక్రవారం సాయంత్రం నేను మిస్‌డ్ కాల్ ఇస్తాను. ఒకపాలి, అంటే ఒకసారి, మోగితే రేపు బండి, రెండుపాలు మోగితే లేదు. బుధు బండ మీద నుంచే కేకేస్తాడు. పొద్దున్నే ఊరు తోటలో ఉంటుంది. రెండు నెలలు ఒక్క పండు పాడవలేదండీ!

ఆ తర్వాత వరహాలరావు ఫోను బిల్లులు తెప్పించుకున్నాడు.

"పనసగుడ వాడకం సున్నా" అన్నాడు మీటింగులో. "ఈ టెక్నాలజీ వాళ్ళకి అందలేదు."

"మిస్‌డ్ కాల్‌కి బిల్లు రాదు సార్. వారం వారం వాడుతున్నారు" అన్నాను.

"చూడు టైటస్, మిస్‌డ్ కాల్ బిచ్చగాళ్ళ పని. మనది వ్యాపారం. రిపోర్టులో ఏం రాయను, రింగులు లెక్కపెట్టుకున్నారనా?"

అదీ అతని గోల! పని జరిగిందా లేదా అని కాదు, పై ఆఫీసు కాగితంలో కనిపించిందా లేదా అని. మొబైల్ స్ట్రాటజీ అని ఏదో కోర్సు చేశాడట, మూడు వారాలు. మూడు వారాల్లో మా ఇంట్లో పెట్టిన పచ్చడి కూడా ఊరదు. కంప్యూటర్ నుంచి ఊళ్ళన్నిటికీ ఒకేసారి మెసేజీ వెళ్ళే ఏర్పాటు చేయించాడు, అదీ ఇంగ్లీషులో. పనసగుడలో తెలుగు చదివేవాళ్ళే ఇద్దరు, వాళ్ళూ హాస్టల్లో ఉన్నారు. ఆ మాట చెప్తే, "అలవాటు చేస్తే అలవాటవుతారు" అన్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది నా బతుకు.

అంతటితో ఆగాడా? "ఇకనుంచి ఎవరికీ మిస్‌డ్ కాల్ ఇవ్వకు, నోటిమాట చెప్పకు. నువ్వు చెప్తూ ఉంటే వాళ్ళు మెసేజీ చూడరు. నీ పాత పద్ధతుల వల్లే ఈ కొండలు ఇలా ఉన్నాయి" అన్నాడు. పండు తోలు తీసే పల్పింగ్ యూనిట్ కూలీలు, డ్రైవర్లు, టీ తెచ్చిన ఆవిడ, అందరూ ఉన్నారు అక్కడ. నా చెవులు కాలిపోయాయి. సరే బాబూ, నీ మాటే కానియ్యి, ఎలా చస్తావో చూస్తాను అనుకున్నాను.

డిసెంబరు రెండోవారంలో హైదరాబాదు నుంచి పెద్దలు వస్తున్నారని కబురొచ్చింది. దేనికనుకున్నారు? ఈ మెసేజీల ఏర్పాటు చూసి మెచ్చుకోడానికి! శనివారం వాళ్ళొచ్చేసరికి యూనిట్ తళతళలాడాలని, ఆ రోజు యంత్రం ఆపించి కడిగించాడు వరహాలరావు. యంత్రం లేదు కాబట్టి బండి లేదు. కాఫీ కంపెనీ గొప్పతనం చూపించడానికి కాఫీ మానేశాం. గురువారం మధ్యాహ్నం మొట్టమొదటి మెసేజీ వెళ్ళింది: శనివారం బండి లేదు, మంగళవారం వస్తుంది. కంప్యూటర్లో పదకొండు ఊళ్ళ పక్కనా "డెలివర్డ్" అని పడింది. అది చూసి చప్పట్లు కొట్టాడు, ఛీ!

మిగతా పది ఊళ్ళూ రోడ్డు పక్కవే. జీపులవాళ్ళ నోట వాళ్ళకి సంగతి తెలిసిపోయింది. పనసగుడ సంగతి నాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాను.

శుక్రవారం అరకు సంతలో బుధు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. ముసలాడు అంత దూరం దిగిరావడం అరుదు. తువ్వాలు ముడి విప్పి ఫోను బయటికి తీశాడు.

"బాబూ, నిన్న ఇది ఒక్కపాలి కిచ్ అంది. రింగు కాదు. లోపల ఏటో రాతుంది. ఏటిది? బండి ఉన్నట్టా, లేనట్టా?"

ఫోను తీసుకుని చదివాను. శనివారం బండి లేదు. మూడు మాటలు చెప్తే సరిపోయేది. ఆ మూడు మాటలూ నా నాలుక మీదికి వచ్చాయి కూడా. కానీ రేపు పెద్దల ముందు వరహాలరావుకి ఫోను మీద ఫోను వస్తుంది, పనసగుడ పళ్ళు మలుపు దగ్గర పడున్నాయని తెలుస్తుంది, అప్పుడు చూడాలి వాడి మొహం అనిపించింది. ఆ ఆనందం ముందు నాకేమీ కనపడలేదు.

"నన్నడక్కు తాతా. మేనేజరు బాబు నన్ను చెప్పొద్దన్నాడు. ఆయన్నే అడుగు" అని ఫోను తిరిగి చేతిలో పెట్టేశాను.

బుధు ఆఫీసుకి వెళ్ళాడట. పెద్దల రాక కోసం ముగ్గులు వేయిస్తున్న వరహాలరావు, "తర్వాత రా" అన్నాడట. ముసలాడు కొండెక్కి వెళ్ళిపోయి, ఒకపాలి మోగింది కదా, రేపు బండి అని కేకేశాడు.

శనివారం ఏ గొడవా జరగలేదు. అదీ విషయం! పనసగుడవాళ్ళకి ఫోను చెయ్యడం రాదు, మోగితే వినడమే వచ్చు. పెద్దలు జీడిపప్పు తిన్నారు, తెర మీద "డెలివర్డ్" చూశారు, వరహాలరావు భుజం తట్టి వెళ్ళారు. నేను గుమ్మం దగ్గర నిలబడి, రాని ఫోను కోసం సాయంత్రం దాకా ఎదురుచూశాను.

ఆదివారం చర్చికి వెళ్ళాను, పాటలూ పాడాను. సోమవారం పొద్దున్న ఇంక ఆగలేక మలుపు దగ్గరికి వెళ్ళాను. ఇరవై రెండిళ్ళ పళ్ళు. మంచులో తడిసిన సంచులు నల్లబడి కారుతున్నాయి. పక్కన కనక ఒక్కత్తే కూర్చుని ఉంది. శనివారం మధ్యాహ్నం నుంచి అక్కడే ఉందట, బండి ఆలస్యంగానైనా వస్తుందని.

నేను వరహాలరావుని తిట్టడం మొదలుపెట్టాను. వాడొక దద్దమ్మ అన్నాను, వాడి కంప్యూటర్ తగలెయ్యాలన్నాను. కనక అంతా విని అంది:

"ఆ బాబుకి తెల్దు. నీకు తెల్సు గదా. బుధు నిన్నడిగేడంట. సదివేవంట."

ఊళ్ళోకి వెళ్ళి చెప్తాను, తప్పు నాదే అంటాను అన్నాను. నిజంగానే అన్నాను.

"ఒద్దు. నేను సెప్పేసేను" అంది. "బుధు నోరు కూడా మూయించేను. ఫోను కిచ్ మంటే బండి ఉన్నట్టేనని నేనే అన్నానని సెప్పేను."

"అదేంటి కనకా! నీ మీద ఎందుకు వేసుకున్నావు?"

"నీ మీద ఏస్తే, కంపినీ మనిసే మోసం సేసేడని బండే ఒద్దంతారు. మళ్ళీ ఆ సావుకారి కాల్లు పట్టుకోవాల. నా మీదైతే నన్నే ఒద్దంతారు." లేచి చీర దులుపుకుంది. "ఎల్లు. రేపు మంగలారం బండి బేగి తే."

మంగళవారం బండి తీసుకెళ్ళాను. తర్వాతి శనివారమూ తీసుకెళ్ళాను, శుక్రవారం ఒకపాలి మోగించి మరీ. వరహాలరావు ప్రమోషన్ మీద హైదరాబాదు పోయాడు, ఇంగ్లీషు మెసేజీలు వాడితోనే పోయాయి. పనసగుడ పళ్ళు ఏటా బండి నిండా వస్తూనే ఉన్నాయి. తూకం దగ్గర ఊరి తరఫున ఇప్పుడు కనక బదులు గాసి అనేవాడు నిలబడుతున్నాడు. కనక తన సంచి అందరికన్నా ముందే దించేసి, ఎవరితోనూ మాట్లాడకుండా కొండెక్కి వెళ్ళిపోతుంది.