ఎండాకాలంలో చూసిన ఇల్లు

మా ఆయన పాండురంగయ్యని బోల్తా కొట్టించడం ఎవరి తరమూ కాదని మా ఊళ్ళో పేరు. కొబ్బరికాయ కొన్నా నాలుగుసార్లు చెవి దగ్గర ఆడించి చూసేవాడు. అంతటి మనిషి బెజవాడలో ఇల్లు కొని మోసపోయాడంటే జనం నమ్మలేదు. నేను నమ్మక చస్తానా? ఆ ఇంట్లో ఒక వానాకాలమంతా మగ్గం మీద కూర్చున్నదాన్ని.

మాది ఇబ్రహీంపట్నం అవతల మెట్ట ఊరు. నేతపని. మాది గుంట మగ్గం. అంటే ఇంట్లో నేల తవ్వి, ఆ గుంటలోకి కాళ్ళు దించి, అడుగున ఉండే చెక్కలు తొక్కుతూ నేస్తాం. అద్దె ఇంట్లో ఉండే నేతగాడి బతుకు ఎంత దరిద్రమో ఆ గుంటే చెబుతుంది. ఇంటివాడు పొమ్మన్న రోజున గుంట పూడ్చి, పైన అలికి, కొత్త ఇంటికి పోయి మళ్ళీ తవ్వుకోవాలి. పెళ్ళయిన పదేళ్ళలో మేం నాలుగు తవ్వి నాలుగూ పూడ్చాం. నాలుగోది పూడ్చిన రోజు మా ఆయన పలుగు అవతల పారేసి, "ఈసారి తవ్వితే మన సొంత నేల్లోనే తవ్వుతానే" అన్నాడు. ఆ పూట నాకు ఆయన మీద ఎంత ప్రేమ పుట్టిందో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది.

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు. నూలు సర్కారు కంట్రోలులో ఉండి పల్లెల్లో దొరికేది కాదు. బెజవాడలో అయితే కాస్త నయం. అక్కడ గుణదల దారిలో, కాలవగట్టు దిగువన, వెంకటకృష్ణారావు అనే కంట్రాక్టరు వరసగా ఐదిళ్ళు కడుతున్నాడని తెలిసి వైశాఖం మొదట్లో వెళ్ళాం. నాలుగు అప్పటికే అమ్ముడైపోయాయి. ఐదోదానికి గోడలు లేచాయి, కప్పు పడలేదు. సిమెంటు దొరకడం లేదని అడుసుతోనే కట్టించి పైన సున్నం పూయిస్తున్నాడు. ఆ సంగతి ఆయనే చెప్పాడు. "ఉన్నది ఉన్నట్టు చెబుతానండీ, తర్వాత నన్నొక మాట అనకూడదు" అన్నాడు.

మా ఆయన గోడలు తట్టాడు, గుమ్మాలు కొలిచాడు, కప్పుకని తెచ్చి పెట్టిన దూలాలు పుచ్చాయేమోనని గోటితో గీకాడు. ఆఖరికి, "గుంట తవ్వి చూడాలండీ" అన్నాడు.

మా అత్తయ్య పున్నమ్మ గుండెలు బాదుకుంది. "పాలు పొంగకుండానే ఇంట్లో గొయ్యి తీస్తావంట్రా? మనకేం పోయేకాలం!"

"నువ్వుండవే అమ్మా. పాలు పొంగాక నీళ్ళు పడితే అప్పుడెవడు దిక్కు?"

వెంకటకృష్ణారావు నవ్వాడు. "తవ్వుకోండి, నాదేం పోయింది? పలుగు కూడా ఇప్పిస్తాను."

తొడలోతు చాలు. మా ఆయన నడుంలోతు తవ్వాడు. మన్ను పొడిపొడిగా రాలింది. అలాగే వదిలేసి మర్నాడు పొద్దున్నే వచ్చి చూశాం. చెమ్మన్నదే లేదు. ఆయన గుంటలోకి దిగి పిడికెడు మట్టి తీసి, ముల్లోకాలూ గెలిచినవాడిలా నా చేతిలో పోశాడు. అత్తయ్య చేతి మురుగులు, నా మెడలో గొలుసు, ఊళ్ళో ఉన్న ఎకరం చేను అన్నీ ఆ ఇంట్లోకే పోయాయి.

వెనక కాలవ ఎండిపోయి ఉంది. పిల్లలు అందులో దిగి బంతాట ఆడుతున్నారు. అది చూసి కూడా మాకు బుర్ర వెలగలేదు. మాకు తెలిసింది వాగు. వానొస్తే నాలుగు రోజులు పారుతుంది, తరువాత ఇసక. కృష్ణ కాలవల్ని ఏటా ఎండల్లో కట్టేస్తారనీ, మరమ్మతులు చేసుకుని మళ్ళీ వదులుతారనీ, వదిలితే నెలల తరబడి గట్టు నిండా పారతాయనీ మాకెవరు చెప్పారు? డెల్టావాళ్ళు ఒకరికొకరు చెప్పుకునే సంగతి కాదది, పుట్టుకతోనే తెలుస్తుంది.

ఆ నెలాఖరుకే కప్పు వేయించి పాలు పొంగించాం. గుంట సరిచేసి మగ్గం దించాం. నాలుగు చీరలు నేశాం. ఐదోది సగంలో ఉండగా ఒక పొద్దున నేను గుంటలో కాళ్ళు పెడితే చల్లగా తగిలింది. అత్తయ్య చెంబు ఒలకబోసిందేమోనని ఆవిడ మీద కేకలేశాను. సాయంత్రానికి చీలమండలు మునిగాయి. మూడో రోజుకి నీళ్ళు మోకాళ్ళ దగ్గరికి వచ్చాయి.

ఇద్దరం వెంకటకృష్ణారావు ఇంటికి పరుగెత్తాం. ఆయన భోంచేసి తాంబూలం వేసుకుంటున్నాడు.

"కాలవ వదిలితే పక్కనున్న నేల ఊరదా అండీ?" అన్నాడు. "బెజవాడలో చంటిపిల్లాణ్ణడిగినా చెబుతాడే! నేనేమన్నా దాచానా? తవ్వి చూసుకున్నది మీరే."

"మేం నేతవాళ్ళమని మీకు తెలుసు గదండీ" అన్నాడు మా ఆయన.

"మీరు నన్నడగలేదుగా."

మా ఆయన వెనుదిరిగి గుమ్మం దిగాడు. నాకు మాత్రం ఆ ఎర్రటి పళ్ళు రాలగొట్టాలనిపించింది.

తక్కిన నాలుగిళ్ళవాళ్ళకీ ఏ బాధా లేదు. నేల మీద బతికేవాళ్ళకి రెండడుగుల కింద నీళ్ళుంటే ఏం, నిప్పులుంటే ఏం? పక్కింట్లో ఉండే రైల్వే గార్డు సంజీవరావు గారు మంచివారు. వచ్చి చూసి, "నేలమీద నిలబెట్టే మగ్గాలుంటాయంటగా పాండురంగయ్యా, అది పెట్టుకోరాదా?" అన్నారు. పెట్టుకోవచ్చు. దానికి డబ్బు కావాలి. మా డబ్బంతా గోడల్లో ఉంది.

తెల్లవారుజామున లేచి బకెట్లతో తోడేస్తే పొద్దెక్కేదాకా నేయొచ్చు. తరువాత నీళ్ళలోనే తొక్కాలి. మా ఆయనకి జ్వరం పట్టుకుంటే నేను కూర్చున్నాను. కాలివేళ్ళ సందులు పగిలి పుళ్ళు పడ్డాయి. ఆముదంలో పసుపు కలిపి రాసుకుంటూ, ఆయన్నీ ఆ కంట్రాక్టరునీ కలిపి తిట్టుకుంటూ ఏడ్చేదాన్ని. చెమ్మకి దారాలు సాగిపోయేవి. చీర అంచుల మీద బూజు మచ్చలు పడేవి. బట్టల కొట్టాయన రెండుసార్లు చీరలు తిప్పి పంపి, మూడోసారి ఇక నూలివ్వనన్నాడు. గుంట పక్క గోడ నాని బీట తీసింది. అప్పుడు గుంట పూడ్చేశాం. సొంత ఇంట్లో పూడ్చిన గుంట అది. ఆ చలికాలమంతా మా ఆయన గూడ్సు షెడ్డులో బస్తాలు మోశాడు.

సంజీవరావు గారి బావమరిది ఇల్లు అడిగాడు. గోడ బీట చూసి, మేం పెట్టినదాంట్లో మూడింట రెండు వంతులే ఇస్తానన్నాడు. ఆ డబ్బుకి మరో ఇల్లు రాదు. మళ్ళీ అద్దె కొంప, మళ్ళీ పొమ్మనే మాట. "పోతే పోయింది, ఇచ్చేద్దామయ్యా" అన్నాను నేను. అన్నానని నన్ను మెచ్చుకోనక్కర్లేదు. ఒక్కసారే అన్నాను.

ఎండలు ముదిరాక కాలవ కట్టేశారు. నేల ఆరింది. మా ఆయన మళ్ళీ గుంట తవ్వాడు. గోడ బీటలో మట్టి కూరి పైన సున్నం కొట్టాడు. ఎక్కడో బతిమాలి తెచ్చిన నూలుతో మగ్గం ఎక్కించాడు.

"మళ్ళీ నేస్తావా ఏమయ్యా?" అన్నాను.

"అమ్మేదాకా" అన్నాడు.

నాకు అర్థమైంది. అర్థమయ్యే ఇల్లు అలికి ముగ్గు పెట్టాను.

మెట్ట వైపు నుంచి సత్యం అనే నేతగాడు భార్యని వెంటబెట్టుకుని వచ్చాడు. వాళ్ళొచ్చే రోజున మా ఆయన అత్తయ్యని పొద్దున్నే ఇబ్రహీంపట్నంలో మా ఆడబిడ్డ ఇంటికి పంపేశాడు. ఆవిడ నోరు ఆగదు.

మేమైతే తవ్వి చూశాం. సత్యం అది కూడా చేయలేదు. ఎదురుగా మగ్గం ఆడుతోంది, నేస్తున్నవాడు తన కులంవాడు. "మీరు నేసుకుంటున్న ఇంట్లో నేను చూసేదేముంది అన్నా" అని, కప్పు పెంకులు చూసుకోవడానికి బయటికి వెళ్ళాడు. అతని భార్య హనుమాయమ్మకి ఇరవై ఏళ్ళుంటాయేమో. మా ఆయన్ని లేవమని, తనే గుంటలోకి కాళ్ళు దించి చెక్కలు తొక్కి చూసింది. పైకి తీసిన పాదాలకు పొడి మట్టి అంటుకుంది.

"వానాకాలం చెమ్మ రాదు గదా అక్కా?" అని అడిగింది.

మేం ఎవరినీ అడగని మాట ఆ పిల్ల అడిగింది. మా ఆయన తెగిన పోగు ముడేస్తూ తల ఎత్తలేదు. నేను నా పాదాల్ని చీర కుచ్చెళ్ళ కిందికి లాక్కున్నాను.

"రాదమ్మా" అన్నాను.

ఆ డబ్బుతో మా ఊరికి తిరిగిపోయి రెండు గదుల ఇల్లు కొనుక్కున్నాం. పొడి నేల. కాలవలు వదిలే రోజులొచ్చాక, వాళ్ళు వచ్చి మా గుమ్మంలో దుమ్మెత్తిపోస్తారని రోజూ ఎదురుచూశాను. గుమ్మంలో అలికిడైతే చాలు, వెనక గదిలోకి పోయేదాన్ని. ఎవరూ రాలేదు.

మరుసటి వేసవి చివర మా ఆయన నూలు కోసం బెజవాడ వెళ్ళొచ్చాడు. కాళ్ళు కడుక్కుంటూ, "సత్యం ఆ ఇల్లు అమ్మేశాడంట. మొన్న వైశాఖంలో. ఎవరో నేతవాళ్ళే కొన్నారంట. మంచి ధరే వచ్చిందంట" అన్నాడు.

ఆ మాట వినగానే నాకు కలిగింది దుఃఖం కాదు. అమ్మయ్య, హనుమాయమ్మ డబ్బు హనుమాయమ్మకి వచ్చేసింది అనుకున్నాను. ఏడాది తరువాత ఆ పూట కడుపు నిండా అన్నం తిన్నాను. కొన్నవాళ్ళ పేరు మా ఆయన చెప్పలేదు. నేనూ అడగలేదు.